భాషాశాస్త్రం చదివి పని వెతుక్కున్న రెండేళ్లు

2022 జనవరిలో నేను పంపిన మొదటి దరఖాస్తును ఇప్పటికీ దాచుకున్నాను. అందులో ఉన్నవి మూడే వాక్యాలు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం ఎంఏ మొదటి సంవత్సరం చదువుతున్నానని ఒకటి, ధ్వనిశాస్త్రం, పదశాస్త్రం, వాక్యశాస్త్రం నేర్చుకున్నానని ఒకటి, వేసవిలో రెండు నెలలు ఇంటర్న్‌షిప్ ఇస్తే శ్రద్ధగా పని చేస్తానని ఇంకొకటి. ఆ ఉత్తరాన్ని పదకొండు చోట్లకు పంపాను. ఎక్కడి నుంచీ జవాబు రాలేదు. నెల రోజుల పాటు పొద్దున్నే ఫోను తెరిచి చూసుకుని, ఏమీ లేకపోతే క్లాసుకు వెళ్లేదాన్ని.

ఇప్పుడు అలాంటి ఉత్తరాలు చదివే పని నాకే వచ్చింది కాబట్టి, అప్పుడు జవాబు ఎందుకు రాలేదో తెలుసు. నేనేం చదివానో ఆ ఉత్తరంలో ఉంది గాని, నాకు ఏ పని అప్పగించవచ్చో అందులో లేదు. ఇంజనీరింగ్ విద్యార్థి దరఖాస్తు పెట్టుకుంటే ఏ పని ఇవ్వాలో చదివేవారికి ఒక అంచనా ఉంటుంది. భాషాశాస్త్ర విద్యార్థి విషయంలో చాలామందికి ఆ అంచనా లేదు. దాన్ని మనమే కలిగించాలి. ఈ సంగతి తెలియక నేను పోగొట్టుకున్న నెలలు నా తరవాత వచ్చేవారు పోగొట్టుకోకూడదని ఇది రాస్తున్నాను.

మాది భూదాన్ పోచంపల్లి. ఇంట్లో మగ్గం ఉంది. ఎంఏలో చేరినప్పుడు నాన్న అడిగిన ప్రశ్ననే తరవాత బంధువులు, బస్సులో పక్కన కూర్చున్నవారు, చివరికి ఒక కంపెనీ మానవ వనరుల అధికారి కూడా అడిగారు: "భాషాశాస్త్రమంటే నీకు ఎన్ని భాషలు వస్తాయి?" నాకు తెలుగు, ఇంగ్లీషు, కొంచెం హిందీ వచ్చు. అంతే. భాషాశాస్త్రం భాషలను నేర్పే చదువు కాదు, భాష ఎలా పని చేస్తుందో చూపే చదువు అని నాన్నకు చెప్పడానికి ఒక ఉదాహరణ దొరికింది. "నాన్నా, చాప అనేటప్పటి 'చ', చిన్న అనేటప్పటి 'చ' ఒకటేనా? ఒకసారి పలికి చూడు" అన్నాను. ఆయన రెండు మూడుసార్లు పలికి ఆగిపోయాడు. నాలుక ఒకసారి పళ్ల దగ్గర, ఒకసారి అంగిలి దగ్గర ఆనుతోంది. మన పాత వ్యాకరణాలు వీటిని దంత్య చకారం, తాలవ్య చకారం అని విడదీసి చెప్పాయి. ఇప్పటి అచ్చులో రెంటికీ ఒకటే అక్షరం. "ఇది తెలిస్తే ఎవరు జీతం ఇస్తారమ్మా?" అన్నాడు నాన్న. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. రెండేళ్ల తరవాత నాకు ఉద్యోగం వచ్చింది సరిగ్గా ఆ రెండు 'చ'ల వల్లే. ఆ సంగతి తరవాత చెబుతాను.

ఈ చదువులోకి నేను రావడానికి ఒక పుస్తకం కారణం. డిగ్రీలో మా తెలుగు అధ్యాపకురాలు గ్రంథాలయం నుంచి మాండలిక వృత్తి పదకోశం రెండవ సంపుటం తెచ్చి నా చేతిలో పెట్టారు. 1971లో వచ్చిన ఆ సంపుటం అంతా చేనేత మాటలే. మొదటి సంపుటం 1962లో వ్యవసాయ పదాలతో వచ్చింది. వీటిని నడిపించిన భద్రిరాజు కృష్ణమూర్తి గారే ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖను నిర్మించారు. పడుగు, పేక, నాడె, కండె, ఆసు అని మా ఇంట్లో రోజూ వినే మాటలు అచ్చులో, అర్థాలతో కనిపించేసరికి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మా మాటలను పనిగట్టుకుని సేకరించినవారు ఉన్నారు. అలాంటి పని నేనూ చేయాలనుకున్నాను.

పదకొండు ఉత్తరాలూ వృథా అయ్యాక మా శాఖలో ఒక సీనియర్ అక్క నా ఉత్తరం చూసి, "నువ్వు చేసింది ఏదైనా ఒకటి చూపించు. చదివింది వద్దు" అంది. చేసింది అంటే నా దగ్గర ఏముంది? పరీక్షలకు రాసిన జవాబులు తప్ప ఏమీ లేవు. ఆ శనివారం ఊరికి వెళ్లి మొదలుపెట్టాను. నాన్న, మా వీధిలోని మరో నలుగురు నేత పనివాళ్లు, ఆసు పోసే, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పి అమర్చే, ఇద్దరు పెద్దమ్మలు, మొత్తం ఏడుగురి దగ్గర మాటలు రికార్డు చేశాను. మొదటి రోజు రికార్డింగులు దేనికీ పనికిరాలేదు. మాట కంటే మగ్గం చప్పుడు ఎక్కువగా ఉంది. మగ్గం ఆపమంటే ఆ పూట కూలి ఆగిపోతుంది. అందుకని మధ్యాహ్నం అన్నాలు తిని కాస్త నడుం వాల్చే వేళ చూసుకుని, ఫ్యాను ఆపి, తలుపులు మూసి మళ్లీ మాట్లాడించాను. ప్రతి మాటను మూడుసార్లు పలకమనడం, ఆ మాటతో ఒక వాక్యం చెప్పమనడం, చెప్పినవారి వయసు, వాళ్లు పుట్టిన ఊరు, రికార్డు చేయడానికి ఒప్పుకున్నారా లేదా అన్నది రాసుకోవడం, ఇవన్నీ క్లాసులో విన్నవే అయినా చేతితో చేసినప్పుడే వంటబట్టాయి.

ఒక పెద్దమ్మ, "నా గొంతు తీసుకెళ్లి ఎక్కడ పెడతావు తల్లీ?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఎక్కడ పెడతానో, ఎవరు వింటారో, వద్దంటే ఎలా తీసేస్తానో ముందే చెప్పాల్సింది నేను. ఆ సాయంత్రం ఒక కాగితం మీద తెలుగులో ఐదు వాక్యాల ఒప్పుకోలు రాసి, ఏడుగురికీ చదివి వినిపించి, ఒప్పుకున్నారని గొంతుతోనే చెప్పించుకున్నాను. ఇప్పుడు నేను పని చేసే చోట లక్షల వాక్యాల గొంతు రికార్డులు ఉన్నాయి. వాటిని చూసినప్పుడల్లా ఆ ప్రశ్నే గుర్తుకొస్తుంది.

"ఆసులో కండెలా తిరుగుతున్నాడు" అని మనవాళ్లు అంటారు. కండె అంటే నూలు చుట్టిన గొట్టం. అటూ ఇటూ తీరిక లేకుండా తిరిగేవాళ్ల గురించి ఆ మాట. ఆసు పోసేవాళ్ల చెయ్యి ఒక్క చీరకు వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. ఆ నుడికారాన్ని చిన్నప్పటి నుంచి వింటున్నా, అందులోని కష్టం ఆ పెద్దమ్మ భుజం పట్టుకుని లేచినప్పుడే నాకు అర్థమైంది.

మొత్తం 180 మాటలు అయ్యాయి. గొంతు రికార్డులను కత్తిరించి, కొలిచి చూసే ప్రాట్ అనే సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరుకుతుంది. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పాల్ బూర్స్మా, డేవిడ్ వీనింక్ తయారు చేసిన ఆ పరికరం ధ్వనిశాస్త్రం చదివే ప్రతివారికీ పలక లాంటిది. దానితో ఒక్కో మాటను కత్తిరించి, వరుస సంఖ్య వేసి, పట్టికలో పెట్టాను. ఆ తరవాత రాసిన దరఖాస్తులో చదువు గురించి ఒకే వాక్యం, మిగతాదంతా ఈ పట్టిక గురించి: ఎన్ని మాటలు, ఎంతమంది, ఏ పరికరం, ఏ తప్పులు జరిగాయి, వాటిని ఎలా సరిచేశాను. చివర పట్టిక చూడటానికి లంకె. ఆరు చోట్లకు పంపాను. రెండు జవాబులు వచ్చాయి.

వాటిలో ఒకటి హైదరాబాద్‌లోనే ఒక పరిశోధన బృందం నుంచి. ముందు చిన్న పరీక్ష పెట్టారు. ముప్పై వాక్యాలు ఇచ్చి ప్రతి మాట కిందా అది నామవాచకమా, క్రియా, విశేషణమా అన్నది రాయమన్నారు. వినడానికి ఆరో తరగతి వ్యాకరణంలా ఉంటుంది. కాని "నూరు రూపాయలు తెచ్చాడు", "పచ్చడి నూరు" అన్న వాక్యాలు పక్కపక్కనే పెట్టారు. "ఆరు బట్టలు ఆరాయి" అని ఒకటి. "మంచి చెడులు తెలిసిన మనిషి"లో 'మంచి' విశేషణం కాదు కదా? జవాబు రాయడంతో పాటు, ఎందుకు అలా అనుకున్నానో ఒక్క వాక్యంలో రాయమన్నారు. ఫోనులో మాట్లాడినప్పుడు ఆ కారణాల గురించే అడిగారు. రెండు చోట్ల నా జవాబు తప్పని, కారణం మాత్రం స్పష్టంగా ఉందని చెప్పి తీసుకున్నారు. మే, జూన్ నెలలు. నెలకు 8 వేల రూపాయల భృతి. బస్సు పాసు, భోజనం పోను కొంత మిగిలేది.

ఆ రెండు నెలల పనిని కొంచెం వివరంగా చెప్పాలి. భాషాశాస్త్రం చదివినవాళ్లకు సాంకేతిక రంగంలో నిజంగా ఉన్న పని ఏమిటో అక్కడే తెలిసింది. తెలుగు వాక్యాల్లో ఏ మాటకు ఏ మాటతో ఏ సంబంధమో గీతలు గీసి గుర్తించాలి. అలా గుర్తించిన వాక్యాల సంకలనాన్ని వృక్షకోశం అంటారు. యంత్రాలు వాక్యనిర్మాణం నేర్చుకునేది వీటి నుంచి. సంబంధాల పేర్లు సంస్కృత వ్యాకరణకర్త పాణిని చెప్పిన కారకాల నుంచి, అంటే క్రియతో మిగతా మాటలకు ఉండే సంబంధాల నుంచి, తీసుకున్నవి: కర్తకు కె1, కర్మకు కె2, కరణానికి, అంటే పనికి వాడిన సాధనానికి కె3, సంప్రదానానికి, అంటే ఎవరికి చేరుతుందో వారికి కె4. భారతీయ భాషలకు ఈ పద్ధతిని తీర్చిదిద్దడంలో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో 1999 నుంచి నడుస్తున్న భాషా సాంకేతిక పరిశోధన కేంద్రానిది పెద్ద పాత్ర. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా చెప్పినవారు 8 కోట్ల 11 లక్షల మంది. అనేక భాషల వృక్షకోశాలను ఒకే పద్ధతిలో చేర్చిన యూనివర్సల్ డిపెండెన్సీస్‌లో తెలుగుకు ఉన్న ఎంటీజీ అనే కోశంలో వాక్యాలు 1,328. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుంటే మనకు ఇంకా ఎంత పని మిగిలి ఉందో కనిపిస్తుంది.

నాతో పాటు అనంతపురం నుంచి వచ్చిన ఒక అబ్బాయి అదే పని చేసేవాడు. ఒకే వాక్యాలు ఇద్దరికీ ఇచ్చేవారు. ఒకరిది ఒకరు చూసుకోకూడదు. వారం చివర ఇద్దరి గుర్తులూ పోల్చేవారు. పోలికకు కప్పా అనే కొలత వాడతారు. జేకబ్ కోహెన్ 1960లో ప్రతిపాదించినది. ఇద్దరు మనుషులు కళ్లు మూసుకుని గుర్తులు పెట్టినా కొన్ని చోట్ల కలుస్తాయి కదా, అలా యాదృచ్ఛికంగా కలిసిన వాటా తీసేసి చెప్పే లెక్క అది. పూర్తిగా కలిస్తే 1, కేవలం యాదృచ్ఛికమైతే 0. మొదటి వారం మా ఇద్దరిదీ 0.61 వచ్చింది. ఇద్దరం తెలుగువాళ్లం, ఇద్దరం ఎంఏ విద్యార్థులం. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తేడా ఎక్కడ వచ్చిందంటే, "నాకు" దగ్గర. నాకు జ్వరం వచ్చింది. నాకు లెక్కలు వచ్చు. నాకు ఉత్తరం వచ్చింది. మూడింటికీ ఒకటే విభక్తి. నేను మూడింటినీ సంప్రదానం అన్నాను. అతను మూడింటినీ అనుభవించే కర్త అన్నాడు. ఆ పద్ధతిలో అనుభవకర్తకు కె4ఎ అని వేరే గుర్తు ఉంది. మా పర్యవేక్షకురాలు ఇద్దరినీ కూర్చోబెట్టి, "మీలో ఎవరు ఒప్పో నేను చెప్పను. మూడో మనిషి వచ్చి మీ ఇద్దరితో పని లేకుండా అదే గుర్తు పెట్టగలిగేలా ఒక నియమం రాయండి" అన్నారు. రోజంతా పట్టింది. జ్వరం, ఆకలి, తెలియడం, నచ్చడం లాంటివి మనిషి లోపల జరుగుతాయి, అక్కడ అనుభవకర్త. ఉత్తరం బయటి నుంచి చేరింది, అక్కడ సంప్రదానం. మరి "నాకు ఉద్యోగం వచ్చింది"? దాని మీద మధ్యాహ్నం భోజనం చల్లారేదాకా వాదించుకున్నాం. ఉత్తరం వైపే పెట్టాం.

ఇంకో చిక్కు "నిన్న పిలిచిన పిల్లవాడు" లాంటివి. పిల్లవాడు పిలిచాడా, పిల్లవాణ్ని ఎవరైనా పిలిచారా? తెలుగు ధాతుజ విశేషణం ఆ తేడా చూపదు. "పుస్తకం చదివిన అమ్మాయి", "అమ్మాయి చదివిన పుస్తకం", "నేను చదివిన బడి", అన్నిటికీ "చదివిన" ఒక్కటే. ముందున్న మూడు వాక్యాలు చూడాలి, అక్కడా తేలకపోతే ఊహించి గుర్తు పెట్టకుండా సందేహం అని రాసి పక్కన పెట్టాలి అని నియమం పెట్టుకున్నాం. జూన్ చివరికి మా నియమావళి పద్నాలుగు పేజీలైంది. కప్పా 0.83కు చేరింది.

ఇది నా మనసులో బలంగా నాటుకుపోయిన విషయం. భాషాశాస్త్రం చదివినవాళ్లం చేయగలిగే, ఇతరులు అంత సులువుగా చేయలేని పని ఇదే: భాషలో సందేహం ఉన్న చోటును గుర్తుపట్టడం, అక్కడ ఒక నిర్ణయం తీసుకోవడం, ఆ నిర్ణయాన్ని మరొకరు అనుసరించగలిగేలా రాయడం. పదిమందిలో ఒకరు మొదటిది చేస్తారు. మూడోది చేసేవాళ్లు చాలా తక్కువ. ఆ పద్నాలుగు పేజీల్లో నా పేరు కూడా ఉంది. ఆ తరవాత నేను పంపిన ప్రతి దరఖాస్తులో వాటి గురించి రాశాను.

రెండో సంవత్సరం సెలవుల్లో ఇంటి నుంచి చేసే చిన్న పనులు వెతుక్కున్నాను. ఇక్కడ నాకు జరిగిన అన్యాయం ఒకటి చెబుతాను. ఒక అనువాద సంస్థ అర్హత పరీక్ష అని 400 వాక్యాలు పంపింది. మూడు రోజులు కూర్చుని చేశాను. తరవాత ఉలుకూ లేదు పలుకూ లేదు. నా స్నేహితురాలికీ అదే సంస్థ అర్హత పరీక్ష అంటూ వేరే 400 వాక్యాలు పంపింది. ఇద్దరివీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే పత్రంలోని వరుస భాగాలు. మా చేత ఊరికే పని చేయించుకున్నారు. అప్పటి నుంచి ఇరవై ముప్పై వాక్యాలు దాటిన పరీక్షకు ముందే డబ్బు గురించి అడుగుతాను. అడిగితే అవకాశం పోతుందని భయపడతాం. అలా పోయే అవకాశం ఉంచుకోదగ్గది కాదు.

ఇంకో చోట గొంతు రికార్డులను అక్షరాల్లోకి ఎక్కించే పని దొరికింది. ఫోనులో జనం మాట్లాడిన ముక్కలు వినిపిస్తాయి, మనం టైపు చేయాలి. సూచనల్లో ఒక వాక్యం ఉంది: పలుకుబడి తప్పుగా ఉంటే ప్రామాణిక రూపంలో సరిదిద్ది రాయాలి. నాకు వినిపిస్తున్నది నల్లగొండ వైపు మనిషి మాట. మా అమ్మ మాట్లాడే మాట. దాంట్లో తప్పేముంది? అలా సరిదిద్దిన రాతతో యంత్రానికి నేర్పిస్తే, రేపు మా అమ్మ ఫోనుతో మాట్లాడితే దానికి అర్థం కాదు. రెండు పేజీల ఉత్తరం రాశాను. కోపంతో కాదు, ఉదాహరణలతో. ఒకే ముక్కకు రెండు వరుసలు పెట్టాలి, మొదటి వరుసలో పలికినట్టు, రెండో వరుసలో ప్రామాణిక రూపం అని సూచించాను. నెల తరవాత కొత్త సూచనలు వచ్చాయి. రెండు వరుసలు పెట్టారు. నాకు ధన్యవాదాలేమీ రాలేదు, కాని ఈ పని అంతటిలోనూ నాకు అన్నిటికంటే సంతోషం కలిగించిన రోజు అది.

2022 జులైలో కేంద్ర ప్రభుత్వం భాషిణిని ప్రారంభించింది. భారతీయ భాషల మధ్య అనువాదం, మాటను రాతగా, రాతను మాటగా మార్చే సాంకేతికతలు దాని లక్ష్యం. ఆ చుట్టుపక్కల కాలంలో మా తరగతిలో కొందరికి ప్రాజెక్టుల్లో చిన్న చిన్న ఒప్పంద ఉద్యోగాలు దొరికాయి. మైసూరులో 1969లో ఏర్పడిన భారతీయ భాషా సంస్థలో కూడా ప్రాజెక్టు ఉద్యోగాలకు ప్రకటనలు వస్తుంటాయి. భారతీయ భాషల దత్తాంశాలు సేకరించే విభాగం, జాతీయ అనువాద మిషన్, పదివేల కంటే తక్కువమంది మాట్లాడే భాషల కోసం 2013లో మొదలైన సంరక్షణ పథకం, ఇవన్నీ అక్కడే. ఏడాదికో ఆరు నెలలకో పరిమితమైన ఉద్యోగాలైనా అక్కడ పని నేర్చుకున్నవారికి తరవాత విలువ ఉంటుంది. నా తరగతిలో ఒకడు మాత్రం యంత్రాల వైపు రాలేదు. ఆదిలాబాద్ జిల్లాలో కొలామీ మాట్లాడే ఊళ్లో ఉండి, అక్కడి వృద్ధుల కథలు రికార్డు చేసి తన పరిశోధన వ్యాసం రాశాడు. సవర భాషకు వ్యాకరణం రాసిన గిడుగు రామమూర్తి గారు నడిచిన దారి అది. వాడి వల్లే మా అందరిలో కొంత పౌరుషం మిగిలింది.

అధ్యాపక ఉద్యోగానికి, పరిశోధనకు రాసే జాతీయ అర్హత పరీక్ష నెట్ గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే దాని గురించి అందరికీ తెలుసు. భాషాశాస్త్రం సబ్జెక్టు సంఖ్య 31. మొదటి పత్రంలో 50, రెండో దాంట్లో 100 ప్రశ్నలు, మూడు గంటలు, తప్పు జవాబుకు మార్కులు తగ్గవు. జేఆర్ఎఫ్, అంటే పరిశోధన చేసేవారికి ఇచ్చే భృతి, వస్తే నెలకు 37 వేలు, 2023 జనవరి నుంచి. నాకు అర్హత వచ్చింది గాని జేఆర్ఎఫ్ రాలేదు. పీహెచ్‌డీ చేయాలని నిశ్చయించుకున్నవాళ్లు మొదటి సంవత్సరం నుంచే దానికి చదవాలి. నేను రెండు పడవల మీదా కాళ్లు పెట్టాను.

2023 మేలో ఎంఏ అయిపోయింది. ఉద్యోగాల కోసం "లింగ్విస్ట్" అని వెతికితే దొరికేవి చాలా తక్కువ. మూడు నెలలు పోయాక తెలిసింది, మన పని వేరే పేర్లతో ఉంటుంది. లాంగ్వేజ్ స్పెషలిస్ట్, లాంగ్వేజ్ ఎక్స్‌పర్ట్ తెలుగు, డేటా అనోటేటర్, లోకలైజేషన్ రివ్యూయర్, స్పీచ్ డేటా అనలిస్ట్. పేరు చూసి వదిలేయకూడదు, పేరు చూసి ఆశపడకూడదు కూడా. కింద రాసిన పని వివరం చదవాలి. నియమావళి రాయడం, నాణ్యత చూడటం, ఉచ్చారణ నిఘంటువు అన్న మాటలు ఉంటే అది మనది. రోజుకు ఇన్ని ముక్కలు పూర్తి చేయాలని మాత్రమే ఉంటే, అక్కడ నేర్చుకునేది తక్కువ.

ఆ నెలల్లోనే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కొంత నేర్చుకున్నాను. భయపడినంత లేదు. నేను మొదట రాసిన నాలుగు వరుసల ప్రోగ్రాం "అమ్మ" అన్న మాటలో ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టింది. మనకు రెండు. కంప్యూటరుకు నాలుగు: అ, మ, పొల్లు, మళ్లీ మ. అక్షరాలకు సంఖ్యలు ఇచ్చే యూనికోడ్ పద్ధతిలో ఒత్తును అలా దాచుకుంటారు. ఈ చిన్న విషయం తెలియని ఇంజనీర్లు తెలుగు మాటలను మధ్యలో విరిచి పాడు చేయడం తరవాత కళ్లారా చూశాను.

ఇంటర్వ్యూలకు నేనూ ఆసులో కండెలానే తిరిగాను. 2024 జనవరిలో, రాతను గొంతుగా మార్చే ఒక బృందం నుంచి పిలుపు వచ్చింది. అంతకు ముందు ఏడు చోట్ల తిరస్కరించారు. పరీక్ష ఒక పేజీ కాగితం. దాని మీద అంకెలు. యంత్రం వీటిని ఎలా చదవాలో రాయండి అన్నారు.

100, 101. మనం వంద అంటాం, ఆ వెంటనే నూట ఒకటి అంటాం. 2000, 2001. రెండు వేలు, రెండు వేల ఒకటి. 'వేలు' కాస్తా 'వేల' అయింది. 1956 ఏడాది అయితే పందొమ్మిది వందల యాభై ఆరు, రూపాయలైతే వెయ్యి తొమ్మిది వందల యాభై ఆరు. 10:30 అంటే పదిన్నర. ఇవి రాశాక అసలు ప్రశ్న వచ్చింది: "2 పుస్తకాలు, 2 విద్యార్థులు". మొదటిది రెండు పుస్తకాలు. రెండోది ఇద్దరు విద్యార్థులు. మనుషులకు మన భాష వేరే అంకెలు దాచుకుంది. అంటే యంత్రం అంకెను చదివే ముందు దాని తరవాతి మాట మనిషిని చెబుతోందో లేదో తెలుసుకోవాలి. ఇద్దరు, ముగ్గురు, నలుగురు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు, ఆ తరవాత మంది. నేను నియమాలుగా రాశాను, మా పద్నాలుగు పేజీల అలవాటు కొద్దీ, ప్రతి నియమం కిందా ఒక ఉదాహరణ, ఒక మినహాయింపు.

ఇంటర్వ్యూ చివర ఆ బృందం పెద్ద అడిగారు: "మా తెలుగు గొంతు వింటే ఏదో తేడాగా ఉందని అందరూ అంటున్నారు. ఏమిటో చెప్పగలరా?" ఒక వాక్యం వినిపించారు. చాప, చుట్టం, చాలు, జడ అన్నీ యంత్రం తాలవ్యంగా పలుకుతోంది. చంద్రుడు, చరిత్ర, జనం లాంటి సంస్కృత పదాలకు అది సరే. తెలుగు మాటల్లో అ, ఉ, ఒ ల ముందు దంత్యం రావాలి. మేడ, మేడి పక్కపక్కన వినిపించమని అడిగాను. మేడలోని 'మే' కొంచెం విప్పి పలుకుతాం, ఎందుకంటే తరవాతి అక్షరంలో 'అ' ఉంది. మేడిలో అలా పలకం. యంత్రం రెంటినీ ఒకేలా పలికింది. లిపిలో కనిపించనిది యంత్రానికి తెలియదు. ఎవరో చెప్పాలి. ఆ మాట చెప్పినప్పుడు నాకు మా నాన్న నాలుక రెండు చోట్ల ఆనించి చూసుకున్న సాయంత్రం గుర్తుకొచ్చింది. ఫోను చేసి చెప్పాను. "అయితే ఇస్తున్నారన్నమాట" అన్నాడు.

జీతం నెలకు 32 వేలతో మొదలైంది. నేరుగా కంపెనీలో కాదు, మధ్యలో ఒక ఏజెన్సీ ద్వారా ఏడాది ఒప్పందం. ఈ రంగంలో చాలా ఉద్యోగాలు ఇలాగే ఉన్నాయి, దాచాల్సిన పని లేదు. సెలవులు, భవిష్య నిధి, ఒప్పందం ముగిశాక ఏమిటి అన్నవి చేరే ముందే అడిగి రాతలో తీసుకోవాలి. నాకు రెండుసార్లు పొడిగించారు.

కిందటి ఏడాది నుంచి వేసవి ఇంటర్న్‌ల దరఖాస్తులు చూసే పని నాకు ఇచ్చారు. డిసెంబరు, జనవరిలో వచ్చినవి తీరిగ్గా చదువుతాం, ఏప్రిల్‌లో వచ్చేసరికి ఖాళీలు ఉండవు. చాలా ఉత్తరాల్లో మూడే వాక్యాలు ఉంటాయి. వాళ్లకు నేను తప్పకుండా జవాబు రాస్తాను, చేసింది ఏదైనా ఒకటి చూపించమని. వాళ్లలో కొందరు రెండో ఉత్తరం పంపుతారు. ఒకమ్మాయి తన ఊరి చేపల పేర్లు తొంభై రికార్డు చేసి పంపింది.

మేమూ ఒక పేజీ అంకెల పరీక్షే పెడతాం. ఈసారి "8 విద్యార్థులు" అని చేర్చాను. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఆ చేపల అమ్మాయి "ఎనమండుగురు విద్యార్థులు" అని రాసింది. వరంగల్ అబ్బాయి "ఎనిమిది మంది విద్యార్థులు" అన్నాడు. మా నియమావళిలో ఏడుగురి తరవాత మంది అని ఉంది, నేను రాసిందే. ఆ అమ్మాయి పక్కన పెన్సిలుతో, "మా తాతయ్య ఇలాగే అంటారు" అని కూడా రాసింది. ఇద్దరినీ తీసుకున్నాం. నియమావళిలో ఆ వరుస కింద, ఎనిమిదికి రెండు రూపాలూ ఉంచాలని, ఏది ఎక్కడ ఎవరు వాడుతున్నారో రికార్డుల్లో లెక్క తీయాలని రాశాను. ఆ లెక్క వాళ్లిద్దరి మొదటి వారం పని.